హాలు మీది, వరండా ఊరిది: మా ఊరి లాడ్జి పెద్దలకు బహిరంగ లేఖ

దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) లాడ్జి అధ్యక్షులకు, కార్యదర్శికి, సభ్యులందరికీ నమస్కారం.

నేనెవరినో మీలో ఇద్దరు ముగ్గురికి తెలుసు. మీ లాడ్జిలో ముప్ఫై ఎనిమిదేళ్లు అటెండరుగా చేసిన మనిషికి మనవరాలిని. మిగతావాళ్లకి మా తాత గుర్తుండకపోవచ్చు గానీ, మధ్యాహ్నం పన్నెండున్నరకి అన్నం క్యారియరు పట్టుకుని వెనక గేట్లోంచి వచ్చే రెండు జడల పిల్ల గుర్తుండొచ్చు. ఆ పిల్లకి ఇప్పుడు యాభై ఆరు.

పోయిన నెల బజారుకెళ్లి వస్తుంటే లాడ్జి ముందు ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టి కొలతలు తీస్తున్నారు. ఇంకొకడు ప్రహరీ ఎక్కి ఫోన్లో ఫొటోలు కొడుతున్నాడు. ఏంటయ్యా అంటే, "డెవలప్‌మెంటుకి ఇచ్చారంట మేడం. కింద షాపులు, పైన రెండు ఫ్లోర్లు, టాప్‌లో వీళ్లకి మెడిటేషన్ హాలు" అన్నాడు. మెయిన్ రోడ్డు మీద పద్నాలుగు సెంట్ల జాగా. ఇన్నాళ్లు మిగలడమే వింత.

ముందే చెప్పేస్తాను, మిమ్మల్ని ఆపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు అమ్ముకు తింటున్నారని అంటే నా నోరు పడిపోతుంది. కప్పు కారుతోంది. ఈశాన్యం మూల గోడ చెమ్మకి ఉబ్బింది. మీలో అందరికంటే చిన్నాయనకి అరవై ఎనిమిది. ఇంటిపన్ను మీ పెన్షన్లలోంచి తలా కొంత వేసుకుని కడుతున్నారని కూడా విన్నాను. కాకపోతే జేసీబీ లోపలికి రాకముందు ఒక పని జరగాలి. ఆ పనేంటో చెప్పాలంటే మేడ సంగతి మొదట్నుంచీ చెప్పుకురావాలి. తెలిసిందే చెబుతోందేంటని విసుక్కోకండి. దీన్ని ఊళ్లోవాళ్లూ చదువుతారు. వాళ్లలో చాలామందికి లాడ్జి అంటే రూములు అద్దెకిచ్చే లాడ్జే.

ఆ పేరుతో తాత పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చివరి బస్సు దిగినవాళ్లు, ఎరువుల కంపెనీ రెప్రజెంటేటివులు, ఒకసారైతే నాటకాలవాళ్లు ట్రంకుపెట్టెలతో సహా వచ్చి వరండాలో దింపుకుని "రూముకెంత?" అన్నారట. సభ్యుల్లో ఒక ప్లీడరు గారు తాపీగా తలెత్తి, "ఇక్కడ ఆత్మలకే నాయనా, శరీరాలకి స్టేషను దగ్గర అడగండి" అన్నారట. వాళ్లు పెట్టెలు మళ్లీ నెత్తినెత్తుకుని పరుగో పరుగు. అది దయ్యాల మేడ అని ఊళ్లో పుకారు పుట్టింది ఆ రాత్రే అయ్యుంటుందని మా నాయన అనేవాడు.

ఈ సమాజానికి ఊళ్లో ఉండే శాఖని లాడ్జి అంటారు. ఆ మాట ఫ్రీమేసన్లనే పాత సోదర సంఘం నుంచి వచ్చింది. దివ్యజ్ఞాన సమాజాన్ని మేడమ్ బ్లావట్‌స్కీ, కర్నల్ ఓల్కాట్, విలియం జడ్జి 1875 నవంబరు 17న న్యూయార్కులో మొదలుపెట్టారు. ఓల్కాట్ అంతకుముందే మేసన్. ఏడుగురు మనుషులు కలిసి అర్జీ పెట్టుకుంటే మద్రాసు అడయారులోని సమాజం కేంద్రం నుంచి ఒక చార్టరు, అంటే అనుమతి పత్రం, వస్తుంది, దాంతో ఊళ్లో లాడ్జి పుడుతుంది. అంతే లెక్క. డబ్బున్నా లేకపోయినా, మేడ ఉన్నా లేకపోయినా, ఏడుగురుండాలి. మీరిప్పుడు తొమ్మిది మంది. లెక్క తప్పితే క్షమించండి.

మన వైపుకి ఈ సమాజం పడవెక్కి వచ్చింది. 1882లో మద్రాసు నుంచి నెల్లూరికి, గుంటూరికి రైలు లేదు. ఆ ఏడాది మే నెలలో, మన ఎండల్లో, బ్లావట్‌స్కీ, ఓల్కాట్ బకింగ్‌హామ్ కాలువ మీద పడవలో బయల్దేరారు. నెల్లూరులో సభలు పెట్టి, శాఖ మొదలుపెట్టి, మళ్లీ పడవెక్కి పెద్దగంజాం దాకా వచ్చి, అక్కణ్ణుంచి పల్లకీల్లో గుంటూరు చేరారు. అక్కడా శాఖ పెట్టారు. తిరిగి మద్రాసు వెళ్లాక అదే నెల 31న అడయారు నది ఒడ్డున తోట చూసి ముచ్చటపడ్డారు, తర్వాత కొన్నారు. ఆ డిసెంబరుకల్లా కాపురం బొంబాయి నుంచి అక్కడికి మార్చేశారు. ఇప్పటికీ సమాజానికి ప్రపంచ కేంద్రం అదే.

ఆ కాలువ సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. మద్రాసు పక్క పాత కాలువ ముందునుంచీ ఉన్నా, దాన్ని పెంచి కలిపింది ధాత కరువులో. 1877-78లో ఆకలితో వచ్చిన జనానికి కూలిచ్చి తవ్వించారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టారు. మా నాయనమ్మ వైపువాళ్లు ఆ మట్టి తట్టలు మోశారని మా ఇళ్లల్లో చెప్పుకుంటారు. కాగితం మీద రుజువు చూపించమంటే నా దగ్గర లేదు. కరువు కూలీల పేర్లు ఎవరు రాసి పెడతారు? ఆ కాలువలో నీళ్లు నిండిన నాలుగైదేళ్లకే విశ్వమానవ సోదరత్వం దాని మీదుగా తేలుతూ వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను. కోపం తర్వాత వచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు.

ఇలా శాఖలు మొదలయ్యాక తాలూకా ఊళ్లల్లో ఎవరు చేరారు? ప్లీడర్లు, తాసీల్దార్లు, సబ్ రిజిస్ట్రార్లు, హైస్కూలు హెడ్మాస్టర్లు. ఇంగ్లీషు చదువుకుని, దొరల కింద పనిచేస్తూ, మన శాస్త్రాలు పుక్కిటి పురాణాలని ఆ దొరల నోట వినీ వినీ లోపల నలుగుతున్నవాళ్లు. అలాంటి సమయంలో ఒక రష్యా దొరసాని, ఒక అమెరికా కర్నల్ వచ్చి, మీ ఉపనిషత్తుల్లో ఉన్నది మా దగ్గర లేదు అంటే ఛాతీ ఉప్పొంగదా మరి? మన గోదావరి వైపునుంచి వెళ్లి మద్రాసులో వకీలుగా ఉన్న తల్లాప్రగడ సుబ్బారావు దగ్గర బ్లావట్‌స్కీ అంతటావిడే సందేహాలు తీర్చుకునేది. ఆయన 1890లో, ముప్ఫై నాలుగు నిండకుండానే పోయాడు. మదనపల్లెలో జిడ్డు నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగం చేస్తూ ఇందులో చేరి, రిటైరయ్యాక 1909 జనవరిలో పిల్లల్ని వెంటబెట్టుకుని అడయారు వెళ్లిపోయాడు. ఆ పిల్లల్లో ఒకడు కృష్ణమూర్తి. అక్కణ్ణుంచి కథ ప్రపంచానికంతా తెలుసు.

అద్భుతాల గొడవ కూడా అందరికీ తెలిసిందే. బ్లావట్‌స్కీ చూపించినవి బూటకమని 1885లో లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ రిపోర్టు వేసింది. దాని మీద తగువు ఇంకా తెగలేదు. నాకు అందులో ఆసక్తీ లేదు. నా ఆసక్తి అంతా గోడల మీదే.

మన మేడ ఎప్పుడు కట్టారో ఊళ్లో ఎవరికీ తెలియదు. గుమ్మం పక్కన శంకుస్థాపన రాయి ఉంది. ఏటేటా దసరా ముందు వేసిన సున్నం పూతల కింద అక్షరాలు పూడిపోయాయి. వేలితో తడిమితే ఒక "1", ఒక "9" తగులుతాయి. మిగతా రెండంకెలు దొరకవు. నేను మరి ఊరికే ఉండే మనిషిని కాదు, చిన్నప్పట్నుంచి గుర్తున్నవన్నీ కూడేసి లెక్క కట్టాను. గోడలు గానుగ సున్నంవి, సిమెంటు వాసన లేదు. తలుపులు, దూలాలు బర్మా టేకు. రంగూను 1942 మార్చిలో జపాను వాళ్ల చేతికి పోయింది కాబట్టి ఆ టేకు అంతకు ముందుదే. హాల్లో తూర్పు గోడకి మధ్యలో అనీ బీసెంటు పటం ఉంది. బ్లావట్‌స్కీ, ఓల్కాట్ చెరో పక్కా. ఆ మూడూ ఒకే సైజు, ఒకే టేకు ఫ్రేము, అదే మేకుల వరస. బీసెంటమ్మ (తాత అలాగే అనేవాడు) ప్రెసిడెంటు అయింది 1907లో. ఆవిణ్ణి మధ్యలో పెట్టారంటే ఆ తర్వాతే అయ్యుండాలి. అంటే నా లెక్కలో 1907కీ 1942కీ నడుమ.

ఇక నక్షత్రం ఉండనే ఉంది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, తాత బీరువా దులుపుతుంటే సొరుగులో ఒక బుల్లి వెండి పిన్ను దొరికింది. అయిదు కోణాల నక్షత్రం, వేలి గోరంత. నేను గౌనుకి పెట్టుకుని వరండా అంతా తిరిగాను. తాత ఎప్పుడూ నన్ను కొట్టలేదు, ఆ రోజు మాత్రం చెయ్యెత్తాడు. "అది మనది కాదమ్మా, ఇటివ్వు" అని తీసి, కాగితంలో చుట్టి, అదే సొరుగులో పెట్టి తాళం వేశాడు. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఒక పుస్తకంలో ఆ నక్షత్రం బొమ్మ చూశాను. జగద్గురువు వస్తున్నాడని, కృష్ణమూర్తి శరీరంలోంచి మాట్లాడతాడని 1911లో ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అని ఒక సంఘం పెట్టారు. దాని సభ్యులు పెట్టుకునే పిన్ను అది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది ముందు, సత్యానికి దారులు లేవని చెప్పి కృష్ణమూర్తి ఆ సంఘాన్నే రద్దు చేసేశాడు. అంటే మన ఊళ్లో ఎవరో ఒకాయన, పద్ధెనిమిదేళ్ల ఆ ఆశలో ఎంతో కొంతకాలం ఆ నక్షత్రాన్ని కోటుకి తగిలించుకుని తిరిగాడు. తర్వాత ఒకనాడు తీసి సొరుగులో పడేశాడు. పారెయ్యడానికి మనసొప్పలేదు కాబోలు. ఆయనెవరో మీ రిజిస్టర్లలో ఉండే ఉంటుంది.

ఆ దెబ్బకి చాలా లాడ్జిలు మళ్లీ తేరుకోలేదు. 1933లో బీసెంటమ్మ కూడా పోయింది. అంతకు ముందు వెలుగు మాత్రం వెలుగే. 1916లో ఆవిడ హోంరూల్ లీగ్ పెట్టినప్పుడు మద్రాసు రాష్ట్రంలో దానికి ఊరూరా తయారుగా దొరికినవి ఈ లాడ్జి హాళ్లు, ఈ ప్లీడర్లే. 1917 జూన్‌లో ఆవిణ్ణి ఊటీలో నిర్బంధించి, జనం గోల చేస్తే సెప్టెంబరులో వదిలారు. డిసెంబరులో కలకత్తా కాంగ్రెసుకి అధ్యక్షురాలైంది. మదనపల్లెలో ఆవిడ 1915లో పెట్టిన కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చడం, ఆ కాలేజీ ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాయడం మనందరం గర్వంగా చెప్పుకునేదే. మన ఊరి హాల్లో ఆ రోజుల్లో ఏం జరిగిందో నేను చెప్పలేను. మినిట్స్ పుస్తకాలు చెప్పాలి. అవి మీ బీరువాలో ఉన్నాయి.

ఇప్పుడు వరండా సంగతి.

హాలు సభ్యులది. గురువారం సాయంత్రం మీటింగు, చెప్పులు బయట, తలుపు దగ్గరగా వేసి ఉండేది. వరండా మాత్రం ఊరందరిదీ. పొడుగాటి బల్ల, రెండు వైపులా బెంచీలు, బల్లకి మేకు కొట్టి దారంతో కట్టిన పెన్సిలు, కర్రకి తగిలించిన పేపర్లు. ఇంట్లో కరెంటు లేని పిల్లలు పరీక్షలప్పుడు ఆ వరండా బల్బు కింద చదువుకున్నారు. మా నాయన ఎస్సెల్సీ అక్కడే చదివాడు. రిక్షావాళ్లు మధ్యాహ్నాలు అరుగు మీద నడుం వాల్చేవాళ్లు. కోర్టు వాయిదాకొచ్చిన పల్లెటూరివాళ్లు అక్కడే సద్ది మూట విప్పుకునేవాళ్లు. ఈ ఊళ్లో యాభై దాటిన ఎవర్నైనా అడగండి, లాడ్జి వరండాతో ఒక కథ ఉంటుంది. హాల్లోకి అడుగుపెట్టినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కే.

హాల్లోకి వెళ్లే తలుపు పైన బోర్డు ఉంది కదా. "జాతి, మత, లింగ, కుల, వర్ణ భేదాలు లేని విశ్వమానవ సోదరత్వం" అని మొదలవుతుంది. సమాజం మూడు ఆశయాల్లో మొదటిది. ఆ బోర్డుని ముప్ఫై ఎనిమిదేళ్లు రోజూ పొద్దున్నే స్టూలెక్కి తుడిచింది మా తాత. మాది కాలువ అవతలి పల్లె. ఏ పల్లె అని విడిగా చెప్పక్కర్లేదు, మన ఊళ్లో పల్లె అంటే ఒకటే అర్థం. తాతని సభ్యుడిగా చేరొద్దన్నవాళ్లు ఎవరూ లేరు. చేరమన్నవాళ్లూ లేరు. ఆ మాట ఇటునుంచీ అటునుంచీ కూడా ఎవరి నోట్లోంచీ రాలేదు. ఇది నిందగా రాయడం లేదు. ఓల్కాట్ స్వయంగా 1894లో అడయారు పక్కన పంచముల (అప్పట్లో అంటరానివాళ్లన్న కులాల) పిల్లలకి బడి పెట్టాడు, అది నేటికీ నడుస్తోంది. అంటే సమాజానికి ఆ ఆలోచన లేక కాదు. తాలూకా ఊళ్లలో బోర్డు ఎత్తులో ఉండిపోయింది, అంతే.

అయినా అదే వరండాలో ఒక మంచి పని జరిగింది. దాన్ని నేను దాచను. తాత ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకి చదువు లేదు. నెలాఖరున వోచరు మీద వేలిముద్ర. జీతం ఇరవై రూపాయలు దాటాక రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద వేలిముద్ర. సభ్యుల్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఉండేవారు. గురువారం మీటింగ్ అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆయన మాత్రం బల్ల దగ్గర కూర్చుని, పాత పేపరు ముందేసి, తాతకి అక్షరాలు చూపించేవారు. పలకా బలపం ఏమీ లేవు. పేపరు పేరే మొదటి పాఠం: ఆంధ్రపత్రిక. 'త్ర' దగ్గర మూడు వారాలు ఆగిపోయానని తాత చెప్పేవాడు. వయసు నలభై దాటిన మనిషికి 'త్ర' అంటే చిన్న విషయం కాదు. పది నెలలకో ఏడాదికో, ఒక నెలాఖరున, వోచరు ముందుకు జరిపినప్పుడు తాత ఇంకుప్యాడు వద్దని చెప్పి పెన్ను అడిగాడట. క్యాషియరు గారు కళ్లజోడు సర్దుకుని చూశారట. ఈ కథ మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ చెప్పుకుంటాం. ఏ సంవత్సరం, ఏ నెల అంటే మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంకొక్క రాత్రి సంగతి చెప్పాలి. మే 8 మీకు వైట్ లోటస్ డే, బ్లావట్‌స్కీ 1891లో పోయిన రోజు. తామర పూలు పెట్టి, గీతలో ఒక అధ్యాయం చదివి, పేదలకి అన్నం పెడతారు. 1990లో ఆ రోజుకి తెల్లారకముందే గాలి మొదలైంది. తుఫాను మర్నాడు కృష్ణా నోటి దగ్గర తీరం దాటింది, కోస్తా అంతా కలిపి దాదాపు వెయ్యిమంది పోయారని తర్వాత లెక్కలొచ్చాయి. ఎనిమిదో తారీకు సాయంత్రానికే తీరపు పల్లెల నుంచి జనం ట్రాక్టర్లలో ఊళ్లోకి దిగుతున్నారు. స్కూళ్లు నిండాయి. లాడ్జి వరండా నిండి, జల్లు లోపలికి కొడుతుంటే పిల్లల్ని చీరకొంగుల కింద దాచుకుని ఆడవాళ్లు గోడకి అతుక్కుపోయారు. తాత అప్పటికి రిటైరయి నాలుగేళ్లయింది, ఒక తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉండేది. నేను గొడుగు పట్టాను, గొడుగు పట్టనిస్తే కదా గాలి. సెక్రటరీ గారింటికి వెళ్లి అడిగొద్దామన్నాను. తాత వినలేదు. నేరుగా వెళ్లి హాలు తలుపు తీసేశాడు.

ఆ రాత్రి ఆ హాల్లో ఎంతమంది పడుకున్నారో నేను లెక్కపెట్టలేదు. మూడు పటాల కింద, ఎర్ర గచ్చు మీద, తడి బట్టలతో, చేపల బుట్టలతో, రెండు మేకపిల్లలతో సహా. పొద్దున వైట్ లోటస్ డే కోసం తెచ్చిన బియ్యం మూట ఉంటే నాయనమ్మ, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు వెనక పంచలో గంజి కాచారు. బ్లావట్‌స్కీ పటానికి వేసిన తామరపూల దండ ఒక చంటిపిల్ల చేతికందితే తెంపి రేకులు నమిలింది. ఆ పిల్ల తల్లి భయంభయంగా తాత వైపు చూసింది. తాత ఏమీ అనలేదు.

పదో తారీకు సెక్రటరీ గారు వచ్చారు. హాలంతా బురద. తాత చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కాసేపు చూసి, బోర్డు వైపు కూడా ఒకసారి చూసి, "పటాలకేం కాలేదుగా" అని మాత్రం అన్నారు. తర్వాత ఆయనే పంచె ఎగ్గట్టి బకెట్టు తెచ్చుకున్నారు. ఆ మీటింగు మినిట్స్‌లో ఏమని రాశారో చూడాలని నాకు ముప్ఫై ఐదేళ్లుగా కోరిక.

ఇప్పటికి నా పనేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. బిల్డరు గారితో మాట్లాడుకునే ముందు బీరువాలు తెరవండి. మినిట్స్ పుస్తకాలు, సభ్యుల రిజిస్టర్లు, వోచర్ల కట్టలు, గ్రూపు ఫొటోలు, విజిటర్స్ బుక్కు, చార్టరు, నక్షత్రం. అన్నీ బయటికి తీసి స్కాన్ చేయిద్దాం. కూల్చేటప్పుడు ఇలాంటివి ఎక్కడికి పోతాయో మనకందరికీ తెలుసు, కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకి. 1972 నాటి పురావస్తువుల చట్టం, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతుల్ని, దస్తావేజుల్ని కూడా పురావస్తువులుగానే చూస్తుంది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీ చేతుల్లో ఉన్నది చిత్తు కాగితాలు కాదని గవర్నమెంటు కూడా ఒప్పుకుంటుందని చెప్పడానికే. మా అబ్బాయి, వాడి ఇద్దరు స్నేహితులు స్కానరు తెస్తారు. మీకు పైసా ఖర్చు లేదు. మీ మీటింగుల్లో ధ్యానం, రహస్య సాధన లాంటివి బయటపెట్టకూడనివి ఏమైనా ఉంటే ఆ పేజీలు మీరే పక్కన పెట్టుకోండి, మేం అడగం. మిగతావి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడితే, మన ఊరిపేరు కొట్టినవాడికి ఎక్కడున్నా కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న మీ మనవలకి కూడా. వాళ్ల ముత్తాతలే ఆ ఏడుగురిలో ఉన్నారేమో ఎవరు చూడొచ్చారు.

శంకుస్థాపన రాయిని గడ్డపారతో పెకలించకుండా చూడండి. ఉలి పెట్టొద్దు, తడిగుడ్డ వేసి నానబెట్టి, కొబ్బరిపీచుతో మెల్లగా రుద్దితే సున్నం పొరలు పొరలుగా ఊడుతుంది. మిగతా రెండంకెలు బయటపడతాయి. అవి నా లెక్కకి దూరంగా ఉంటే నవ్వుకోండి, పర్లేదు.

కొత్త బిల్డింగు గురించి ఒకే ఒక్క మాట. మెడిటేషన్ హాలు టాప్ ఫ్లోర్లో పెట్టుకోండి, గాలీ వెలుతురూ బాగుంటాయి. కింద షాపుల మధ్య ఒక్క షట్టరంత జాగా వదలండి. ఒక బల్ల, రెండు బెంచీలు, నాలుగు పేపర్లు. పేపర్లు ఎవరు చదువుతున్నారు ఇప్పుడు అంటారా? నిజమే. ఫోన్ చార్జింగు ప్లగ్గు రెండు పెట్టండి, వాటికోసమైనా వస్తారు. కాంపిటీటివ్ పరీక్షలకి చదివే పిల్లలు నెలకి వెయ్యి కట్టి స్టడీ హాళ్లలో కూర్చుంటున్నారు. అద్దె వచ్చే షాపు ఒకటి పోతుందని బిల్డరు గునుస్తాడు. అగ్రిమెంటు మీద సంతకం కాకముందే గట్టిగా చెబితే వింటాడు, తర్వాత వినడు. ఇది నా అనుభవం, మా ఇంటి వాటా కట్టించినప్పటిది, ఆ పురాణం ఇప్పుడొద్దు.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి నేను గేటు దగ్గర ఉంటాను. పాత చీరలు చింపి దుమ్ము గుడ్డలు చేసి పెట్టాను. మాస్కులు, కలరా ఉండలు, అట్టపెట్టెలు తెస్తున్నాను. మీలో ఎవరు వచ్చినా సరే, తాళంచెవి ఉంటే చాలు. వోచర్ల కట్టలు పడమటి బీరువాలో అడుగు అరలో ఉంటాయి. ఆ తలుపు వర్షాకాలం ఉబ్బి పట్టేస్తుంది. బలంగా లాగితే రాదు, పిడి దగ్గర కాస్త పైకెత్తి లాగాలి. తాత అలాగే తీసేవాడు.

ఇట్లు,
వెనక గేటు పిల్ల